స్థిరవారం నాడు తీసిన నూనె

నేను ఒక నూనె పీల్చే డబ్బాను. పేరు విని వంటింటి సామాననుకోకండి. కారు ఇంజనులో నల్లబడ్డ ఆయిల్‌ని, ఎవరూ కారు కిందికి దూరనక్కర్లేకుండా, అడుగున నట్టు విప్పనక్కర్లేకుండా, పైనుంచే లాగేసే సాధనాన్ని. చూడడానికి మంచినీళ్ళ కూజాలా ఉంటాను. నెత్తిన సైకిలు పంపు లాంటి పిడి, పక్కన వేలాడే సన్నటి గొట్టం. ఇంజనులో ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ ఒకటుంటుంది కదా, దాన్ని పైకి తీసి, ఆ రంధ్రంలోంచి నా గొట్టాన్ని అడుగుదాకా దించుతారు. పిడి పట్టుకుని కాసేపు పైకీ కిందకీ కొడితే నా కడుపులో గాలంతా బయటికి పోతుంది. ఆ ఖాళీని నేను భరించలేను. ఏది అందితే దాన్ని లాక్కుంటాను. నాకు అందేది ఎప్పుడూ మురికి నూనే.

అంటే చాలాకాలం కలిసి ఉన్నవాటిని విడదీయడం నా వృత్తి. ఇంజనూ నూనే ఎండల్లోనూ వానల్లోనూ గోతుల్లోనూ కలిసి తిరుగుతాయి. దాని వేడి ఇది మోస్తుంది, దీని మురికి అది ఓర్చుకుంటుంది. మధ్యలో నేను వెళ్ళి గొట్టం పెడతాను. ఎవరన్నా బండి తాళాలు తీసుకుంటే చాలు, మళ్ళీ వస్తారో రారో అని నాకు బెంగ పుడుతుంది. ఇలాంటి గుండెగలదాన్ని ఈ పనికి ఎందుకు పెట్టారో నాకు తెలియదు. పనిలో పెట్టేటప్పుడు నన్నెవరూ అడగలేదు.

నా డబ్బా ఒక షెడ్డులో పోతపోశారు, గొట్టం ఇంకో షెడ్డులో తీశారు, పంపు ఎక్కడినుంచో మూటల్లో వచ్చింది. పెళ్ళిచూపుల్లేకుండా ముగ్గుర్నీ ఒకటి చేసి అట్టపెట్టెలో పెట్టారు. పెట్టె మీద తెల్లచొక్కా తొడుక్కుని, ఒక్క మరకైనా లేకుండా నవ్వుతూ కారు నూనె మారుస్తున్న మనిషి బొమ్మ ఉంటుంది. అలాంటి మనిషి ఇంతవరకూ నాకు తారసపడలేదు.

మొదట నన్ను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నది బెజవాడలో ఒక పెద్దమనిషి. ఒక్కసారి శుభ్రంగా వాడుకున్నాడు. గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, తుడిచి, మళ్ళీ పెట్టెలో సర్ది, పనిచేయడం లేదని తిప్పి పంపేశాడు. గోదాములో నన్ను మూతతీసి చూసినవాడెవడూ లేడు. కాపురం చేసి వచ్చినదాన్నని ఎవరికీ చెప్పకుండా, కొత్త టేపు అంటించి, మళ్ళీ పెళ్ళికూతురి ముస్తాబులో కాకినాడ పంపారు.

కాకినాడలో నేను చేరింది భానుగుడి దగ్గర ఒక అపార్టుమెంటులో, రెండో అంతస్తు, భీమశంకరం గారింటికి. ఆయన కరెంటు శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఫోనులో వీడియోలు చూసి సామాన్లు తెప్పించుకోవడం ఆయనకు అలవాటు. ఆయన బాల్కనీలో వాషింగ్ మెషీను పక్కన నన్ను పెట్టేసరికి అక్కడ అప్పటికే గోడలకు కన్నాలు వేసే మిషనూ, గాలి ఊదే మిషనూ పెట్టెలు విప్పకుండా కొలువుతీరి ఉన్నాయి. నేను కూడా అలాగే ఉండిపోతాననుకున్నాను. కొన్నాళ్ళు ఉన్నాను కూడా. పెట్టె విప్పాక నా కింద పాత పేపర్లు పరిచేవారు. అక్షరాలు నేను వాటిమీదే నేర్చుకున్నాను. నా చదువంతా అలాంటిదే, సగం వార్త, సగం మరక.

గ్యారేజీ అంటే భీమశంకరం గారికి నమ్మకం లేదు. "కారు వాళ్ళ చేతిలో పెట్టి మనం బెంచీ మీద కూర్చోవాలి. మనం టీ తాగేలోపల వాళ్ళు పాత ఆయిలే తీసి పాత ఆయిలే పోస్తారు," అనేవారు. అలా చేసినవాణ్ణి ఆయన ఎప్పుడూ చూడలేదు. చూడలేదు కాబట్టే జరుగుతోందని ఆయన వాదన.

ఇక్కడ ఆ కారు సంగతి చెప్పాలి. అది ఒక్కరి కారు కాదు. భీమశంకరం గారి భార్య విశాలాక్షమ్మ, ఆవిడ చెల్లెలు తాయారు. తాయారు మొగుడు ఉమాపతి గారికి మెయిన్ రోడ్డులో పుస్తకాల కొట్టు ఉంది. ఈ తోడల్లుళ్ళిద్దరూ కలిసి ఒక డాక్టరుగారి దగ్గర పాత కారు కొన్నారు. పంపకం పకడ్బందీగా జరిగింది. సోమ, బుధ, శుక్రవారాలు భీమశంకరం గారివి. మంగళ, గురు, శనివారాలు ఉమాపతి గారివి. ఆదివారం ఉమ్మడి. భీమశంకరం గారు తన రోజుల్లో కారును ఎక్కువగా తుడిచేవారు, తక్కువగా నడిపేవారు. ఉమాపతి గారు తన రోజుల్లో ఎక్కువగా నడిపేవారు, తుడవడం అనేది ఒకటుందని ఆయనకు తెలియదు.

ఆదివారం సాయంత్రం నలుగురూ ఉప్పాడ రోడ్డున సముద్రం దాకా వెళ్ళొచ్చేవారు. ముందు సీట్లలో మగవాళ్ళు మైలేజీ గురించి కొట్టుకునేవారు. వెనక సీట్లో అక్కచెల్లెళ్ళు మాట్లాడుకునేవారు. విశాలాక్షమ్మకు వారమంతా ఆ గంటకోసమే. ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఆవిడ చెవి పైకప్పు మీదే ఉండేది, ఎందుకంటే తాయారు ఇల్లు సరిగ్గా ఆవిడ నెత్తిమీదే. కుర్చీ జరిగితే తాయారు కూరగాయలకు కూర్చుందనీ, బీరువా తలుపు మోగితే ఎక్కడికో బయల్దేరుతోందనీ నాతో చెప్పినట్టే పైకి అనుకునేది.

కొన్నాళ్ళుగా ఆవిడకు ఒక భయం పట్టుకుంది. చెల్లెలు ఫోనులో ఎవరితోనో కిటికీ తెరల కొలతలు మాట్లాడుతుంటే వింది. తాయారింట్లో తెరలు నిరుడే మార్చారు. ఇంకెక్కడి కిటికీలకు? అడుగుదామంటే నోరు రాలేదు. అడిగితే నిజం చెబుతుందేమో అని భయం. కారు ఉన్నంతకాలం చెల్లెలు ఎక్కడికీ పోదని ఆవిడ తనకు తానే ఒక లెక్క వేసుకుంది. ఉమ్మడి కారున్నవాళ్ళు వేర్వేరు చోట్ల ఎలా ఉంటారు? అందుకని ఆ కారు దగ్గినా తుమ్మినా ఆవిడకు గుండె దడ.

"ఆయిల్ మార్చాలి. లేకపోతే ఇంజను పోతుంది," అని ఒకరోజు భీమశంకరం గారు అన్నారు.

"అయితే మార్చేయరాదూ. దానికేమన్నా అయితే మరిదిగారు వేరే కారు కొనేస్తామంటారు."

"చూద్దాంలే."

"చూద్దామని ఆ మిషన్లన్నీ కొని చూస్తూనే ఉన్నారు కదండీ. ఒక్కదాన్నన్నా వాడండి."

అలా నా పెట్టె తెరిచారు.

తన రోజున కారును పనికిరాకుండా నిలబెట్టడానికి భీమశంకరం గారికి మనసొప్పలేదు. ఉమాపతి గారు ఊళ్ళో లేని శనివారం కోసం కాచుకున్నారు. అది త్వరలోనే వచ్చింది. ఉమాపతి గారు తునిలో ఎవరిదో పెళ్ళని పొద్దున్నే బస్సెక్కారు. ఆయన వీధి మలుపు తిరిగేసరికి భీమశంకరం గారు పాత పంచె బిగించి పార్కింగులోకి దిగారు. కారు ముందు మూత ఎత్తి, ఫోను ఆనించి, వీడియో పెట్టుకున్నారు. వీడియోలో ఎవరో హిందీలో చెబుతున్నాడు. ఈయనకు హిందీ రాదు. అయినా మధ్యమధ్యలో ఆపి, "అది తప్పు," అని దిద్దుతున్నారు.

నా గొట్టం లోపలికి దిగింది. పిడి కొట్టారు. గొట్టంలో నలుపు పైకెక్కడం మొదలైంది. విశాలాక్షమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"అంత నల్లగానా? రక్తం తీస్తున్నట్టుందండీ."

"నువ్వు పైకి వెళ్ళు."

"అంతా తీసేస్తే దానికేం కాదు కదా?"

"స్టార్టు చేయకుండా ఉంటే ఏమీ కాదు. ఆయిల్ లేకుండా నడిపితే మాత్రం లోపలంతా ఒరుసుకుని పట్టేస్తుంది. ఇంక ఆ ఇంజను పాత ఇనుముకే."

విశాలాక్షమ్మ ఆ మాట మనసులో పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. కాసేపటికి నా గొట్టంలో గురగురమని గాలి చప్పుడు వచ్చింది. నా కడుపు నిండింది, ఇంజను కడుపు ఖాళీ అయింది. ఆయన నా పక్కనున్న గీతలు చూసి ఎంత వచ్చిందో లెక్కకట్టారు. కొత్త ఆయిల్ ముందే కొనకపోవడానికి కారణం అదే. తీసినదెంతో అంతే కొనాలి, చుక్క ఎక్కువ కొనకూడదు.

"వెళ్ళి ఆయిల్ పట్టుకొస్తా," అన్నారు.

"ఇవాళా?"

"మరెప్పుడు?"

"శనివారం నూనె కొంటారా ఎవరన్నా?"

"ఇది వంట నూనె కాదే. ఇంజన్ ఆయిల్."

"డబ్బా మీద ఇంగ్లీషులో రాస్తే నూనె కాకుండా పోతుందా?"

"ఈ కాలంలో ఇంకా ఇవన్నీ నమ్ముతారటే? నేను కరెంటు శాఖలో పనిచేసినవాణ్ణి."

"ఆ కరెంటుతోనేగా మనింట్లో ఇస్త్రీపెట్టె కాలిపోయింది. శనివారం ఇనుము కొనొద్దంటే విన్నారా?"

భీమశంకరం గారు ఆగారు. ఇస్త్రీపెట్టె కాలిన మాట నిజం. దాంతోపాటు ఆయన పట్టుపంచె కూడా కాలింది. శనిదోషానికి పెట్టుకున్న నీలం ఉంగరాన్ని పంచె చెంగుతో తుడుచుకుంటూ, "నాకలాంటి నమ్మకాలు లేవు. నీ మనసు కష్టపెట్టడం ఎందుకని ఆగుతున్నాను. రేపు పొద్దున్నే తెచ్చి పోస్తాను," అన్నారు.

"మరి ఈలోగా మరిదిగారు వస్తే?"

"రాత్రికి గానీ రాడు. అయినా గ్రూపులో మెసేజి పెడతాను."

"ఆ స్టీరింగుకి ఏదన్నా గుడ్డపేలిక కట్టండి, కనబడుతుంది."

"మెసేజి పెట్టాక గుడ్డపేలికలెందుకే?"

'మన కారు' అని నలుగురికీ కలిపి ఫోనులో ఒక గ్రూపు ఉంది. అందులో భీమశంకరం గారు పొద్దున ఒక పువ్వు బొమ్మ, దానికింద ఒక సూక్తి, తరవాత టైర్లలో గాలి వివరం, ఆపైన ఆరోగ్యానికి మెంతులు ఎలా మంచివో పెడుతుంటారు. ఉమాపతి గారు దాని చప్పుడు ఏనాడో ఆపేశారు. తాయారు బొమ్మలు మాత్రమే చూస్తుంది. అలాంటి చోట, "గౌరవనీయ సభ్యులకు విజ్ఞప్తి, వాహనం యొక్క ఇంజను నందు తైలము తొలగించబడినది," అంటూ మొదలయ్యే మెసేజి ఒకటి పెట్టి, రెండు చేతులూ దులుపుకున్నారు. మూత వేసి, నన్ను నిండు కడుపుతో స్తంభం పక్కన నిలబెట్టి పైకి వెళ్ళిపోయారు. తీసిన నూనెను కూడా శనివారం గడప దాటించకూడదని విశాలాక్షమ్మ అంది.

పగలంతా కారూ నేనూ ఎదురెదురుగా ఉన్నాం. సాయంత్రం ఎండ గేటు మీదికి వాలుతుండగా ఉమాపతి గారు ఆటోలోంచి దిగారు. ఒంటిమీద పట్టుచొక్కా, చేతిలో పెళ్ళివారిచ్చిన తాంబూలం సంచి. పైకి ఫోను చేసినట్టున్నారు, తాయారు అప్పటికే మెట్లు దిగుతోంది. కొత్త చీర. చేతిలో పళ్ళెం, పళ్ళెం మీద కప్పిన జాకెట్టు గుడ్డ. గుడ్డ చాటున కొబ్బరికాయ ఆకారం, పటం అంచు.

"రా రా, చీకటిపడితే బిల్డరు వెళ్ళిపోతాడు."

"నెమ్మదిగా అనండి. అక్క బాల్కనీలో ఉంటుంది."

ఇద్దరూ కారెక్కారు. నా కడుపులో ఉన్నది ఆ ఇంజను ప్రాణం. చెప్పడానికి నాకు నోరు లేదు, ఉన్నది గొట్టం. తాళం తిరిగింది. ఇంజను లేచింది. ఆ చప్పుడు రోజూ వినే చప్పుడు కాదు, గొంతు ఎండినవాడు దగ్గినట్టు ఉంది.

"ఏదో ఎర్రదీపం వెలుగుతోందండీ," అంది తాయారు.

"వెలగనీవే. అన్నయ్యగారు ఏదో కెలికి ఉంటారు. ఆయన చెయ్యి పడ్డాక ఏదో ఒక దీపం వెలక్కుండా ఉండదు."

కారు కదిలింది. వాచ్‌మన్ అప్పన్న గేటు దగ్గరికి నడుస్తున్నాడు. అప్పన్న గేటు తీయడమంటే అదొక తతంగం. ముందు లేచి నిలబడాలి, తువ్వాలు దులపాలి, గొళ్ళెం వైపు చూడాలి. ఆ తతంగాన్ని తిట్టుకోనివాళ్ళు ఆ అపార్టుమెంటులో లేరు. ఆ సాయంత్రం మాత్రం అతని చెయ్యి ఇంకా గొళ్ళెం దాకా పోకముందే రెండో అంతస్తు నుంచి గొంతు వినిపించింది.

"అప్పన్నా, గేటు తియ్యకు."

"ఆయ్," అన్నాడు అప్పన్న, తన జీవితంలో ఇంత సులువైన పని ఎవరూ చెప్పనట్టు.

ఉమాపతి గారు హారను కొట్టారు. విశాలాక్షమ్మ మెట్లమీద పరుగు. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పుల మనిషి, చెప్పుల్లేకుండా రెండంతస్తులు దిగొచ్చి కారు ముందు నిలబడి మూతమీద చెయ్యి ఆనించింది.

"ఆపండి మరిదిగారూ. ముందు ఇంజను ఆపండి."

ఆపారు.

"ఏమైందండీ వదినగారూ?"

"దాంట్లో నూనె లేదు. పొద్దున తీసేశారు."

"తీసేయడమేంటండీ?"

 విశాలాక్షమ్మ చూపు అద్దంలోంచి లోపలికి పోయింది. కొత్త చీర చూసింది. పళ్ళెం చూసింది. పళ్ళెం సర్దుకుంటున్న చెల్లెలి చేతులు చూసింది.

"ఎక్కడికే?"

తాయారు కిందికి చూస్తూ చెప్పింది. "సామర్లకోట రోడ్డులో ఇల్లు తీసుకున్నామక్కా. ఇవాళ తాళంచెవి ఇస్తానన్నాడు. స్థిరవారం కదా, ఇవాళ పుచ్చుకుంటే ఆ ఇంట్లో స్థిరంగా..." అక్కడ ఆగిపోయింది.

"నాకు చెప్పలేదేం?"

"చెబితే ఏడుస్తావని."

"చెప్పకపోతే ఏడవననుకున్నావా?"

ఈలోపు భీమశంకరం గారు ఫోను పైకెత్తి పట్టుకుని వచ్చారు. "మెసేజి పెట్టాను. పొద్దున్నే పెట్టాను. ఎవరన్నా చూసుకోవచ్చు."

"అన్నయ్యగారూ, మీరు మెంతుల గురించి కూడా పెట్టారు," అన్నారు ఉమాపతి గారు కారు దిగుతూ. "మెంతుల్లో నూనె వెతుక్కోమంటారాండి? అసలు శనివారం నాది కదండీ. నా వారాన నా కారులో ఆయిల్ ఎలా తీశారండీ?"

"నీ కారా? సగం."

"పోనీ సగమే. మీ సగంలో తీసుకోవలసింది."

"అది లోపల కలిసే ఉంటుందయ్యా."

"మీకు తెలిసింది కాబట్టేగా నా రోజున తీశారు. మీ రోజున తీస్తే మీకు కారు ఉండదు కదండీ."

భీమశంకరం గారికి అది సరిగ్గా తగిలింది. "ఉమాపతి గారూ," అన్నారు. తమ్ముడిలాంటివాడికి గారు చేర్చారంటే ఇంక మంచిమాట రాదని నాకు కూడా తెలుసు. "ఇంత మాటనుకున్నాక ఇంక ఈ ఉమ్మడి ఎందుకు? అమ్మేద్దాం."

"అమ్మేద్దామండి. ఎలాగూ వెళ్ళిపోతున్నాం. ఎవరి దారి వాళ్ళం చూసుకుందాం."

కొన్నాళ్ళుగా విశాలాక్షమ్మ ఏ మాట వినబడకుండా ఉండాలని నిద్రలో కూడా చెవులు మూసుకుందో, ఆ మాట ఇద్దరి నోటా వచ్చేసింది. ఆవిడ కారు మూతమీదినుంచి చెయ్యి తీయలేదు.

"ఆటో పిలవండి," అంది తాయారు సన్నగా.

"వచ్చిన ఆటో పోయింది. ఇవాళ ఊరంతా పెళ్ళిళ్ళే, ఒక్కడూ దొరకడు. నేను బస్టాండులో ఎంతసేపు నిలబడ్డానో నీకేం తెలుసు."

"పోనీ వచ్చే స్థిరవారం..."

"రేపట్నుంచీ మూఢమే. అది వెళ్ళేదాకా తాళం పుచ్చుకోవడానికి మీ అక్కగారే ఒప్పుకోరు."

తాయారు కళ్ళు తుడుచుకుంది. కాటుక చెంపకు అంటింది.

అప్పుడు విశాలాక్షమ్మ నావైపు చూసింది. ఆవిడ మనసులో ఏముందో చెప్పడానికి నేను ఆవిడ కడుపులో గొట్టం పెట్టి చూడలేదు. కానీ నాకు అర్థమైంది ఇది. ఆవిడ ఊరికే నిలబడితే చాలు. ఒక్క మాట అనక్కర్లేదు, ఎవరూ తప్పుపట్టరు. చీకటి పడుతుంది, బిల్డరు వెళ్ళిపోతాడు, మూఢం వస్తుంది. చెల్లెలు మూఢమంతా పైకప్పు మీద కుర్చీలు జరుపుతూ ఉంటుంది. ఆపైన ఏమవుతుందో ఎవరికి తెలుసు, మనసులు మారవచ్చు. కారు ఖాళీ కడుపుతో నిలబడింది. తాయారు ముక్కు ఎగబీలుస్తోంది.

"ఆ డబ్బాలో ఉన్నది మళ్ళీ పోసేయండి," అంది విశాలాక్షమ్మ.

భీమశంకరం గారు తెల్లబోయారు. "తీసిన ఆయిల్ మళ్ళీ పోస్తారటే ఎవరన్నా? వీడియోలో ఎక్కడా లేదు."

"పొద్దుటిదాకా దాంతోనే కదా నడిచింది. ఇంకొక్క పూట నడవదా?"

"నడుస్తుంది. కానీ ఇవాళ శనివారం..." అన్నారు నమ్మకాల్లేని మనిషి.

"కొంటున్నామా? మనదే కదా. తీసి పక్కన పెట్టుకున్నాం, మళ్ళీ లోపల పెట్టుకుంటున్నాం. దీనికి దోషం లేదు."

ఉమాపతి గారికి అంత కోపంలోనూ నవ్వొచ్చింది. "పంతులుగారు కూడా ఇంత తొందరగా పరిహారం చెప్పరండి," అన్నారు.

గరాటు కావలసివచ్చింది. ఆ వంద పనిముట్ల ఇంట్లో గరాటు లేదు. విశాలాక్షమ్మ అప్పన్నను పంపి అటకమీది పాత కిరసనాయిలు గరాటు తెప్పించింది. భీమశంకరం గారు నన్ను ఎత్తి వంచారు. ఉమాపతి గారు పట్టుచొక్కా చేతులు మడిచి గరాటు పట్టుకున్నారు. ఇప్పుడే కారు అమ్మేద్దామన్న రెండు తలలు ఒకే మూతకింద ఒకదానికొకటి తగులుతున్నాయి.

"వంచండి, వంచండి. ఇంకొంచెం."

"చెయ్యి కదపకు. కారుతోంది."

"కారితే నా సగంలోంచి పోయిందనుకుంటాను, పోయండి అన్నయ్యగారూ."

నా కడుపులోంచి నూనె ధారగా వెళ్ళిపోతోంది. తీసుకోవడమే గానీ తిరిగివ్వడం నేనెప్పుడూ ఎరగను. నన్ను తయారుచేసినవాళ్ళు దానికోసం నాకు మూతి కూడా సరిగ్గా పెట్టలేదు, అందుకని కొంత పక్కలకు కారి ఇద్దరి చేతులూ నల్లబడ్డాయి. అయినా ఆ కొద్దిసేపు నాకు ఏ బెంగా లేదు.

కడ్డీ పెట్టి చూశారు. చాలినంత ఉంది. ఉమాపతి గారు తాళం తిప్పారు. ఇంజను ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుంది.

"దీపం ఆరిపోయిందండీ," అంది తాయారు.

"వెళ్ళండి. పొద్దుపోతోంది," అంది విశాలాక్షమ్మ, పక్కకు జరుగుతూ.

తాయారు పళ్ళెంతో సహా వెనక సీట్లోకి మారి, తలుపు తెరిచి పట్టుకుంది. "నువ్వూ రా అక్కా."

"ఈ ముతక చీరతోనా? కాళ్ళకు చెప్పులైనా లేవు."

"నువ్వు రాకపోతే నేను తాళం పుచ్చుకోను."

ఆవిడ ఎక్కింది. భీమశంకరం గారు ముందు తలుపు తెరుచుకుని, "ఇంజను ఎలా ఉందో దారిలో ఎవరో ఒకరు చూసుకోవాలి కదా," అని ఎవరూ అడగకుండానే కారణం చెప్పి కూర్చున్నారు. అప్పన్న గేటు తీశాడు. ఆ కొత్తింట్లో వాళ్ళు ఏం చేశారో, ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నన్ను స్తంభం దగ్గరే మరిచిపోయారు.

సోమవారం నాడు, తన సొంత రోజున, భీమశంకరం గారు ఆ నూనె మళ్ళీ తీసి కొత్తది పోశారు. దీన్ని ఆయన క్షమాపణ అనరు, సాంకేతిక కారణాలు అంటారు. మూఢం వెళ్ళాక ఉమాపతి గారి సామాను లారీ ఎక్కింది. ఆ రోజు విశాలాక్షమ్మ నిలబడి ప్రతి గిన్నెకూ గుడ్డ చుట్టింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, చేతులు ఆగలేదు. పైన ఎవరో బ్యాంకు ఉద్యోగులు అద్దెకు దిగారు.

కారును అమ్మలేదు. కొట్టుకు రోజూ రావాలి కాబట్టి అది ఉమాపతి గారి కూడా వెళ్ళింది. దానికి భీమశంకరం గారు ఒకే ఒక్క షరతు పెట్టారు. ఆయిల్ మార్చే పని తనదే, ఇంకెవరూ ముట్టుకోకూడదు.

"మహారాజులా చేసుకోండి అన్నయ్యగారూ, ఏ వారమైనా సరే," అన్నారు ఉమాపతి గారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు అవసరం ఉండే వెళ్ళాం. నన్ను గుడ్డసంచిలో పెట్టుకుని బస్సులో విశాలాక్షమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఆ తరవాత నెల తిరక్కుండానే ఆవిడ మొదలుపెట్టింది.

"కారులో నూనె నల్లబడి ఉంటుందేమోనండీ."

"ఇప్పుడే కదే మార్చాం. ఇంకా ఎంతో తిరగాలి."

"ఆ సామర్లకోట రోడ్డు దుమ్ము మీకు తెలీదు."

"దుమ్ముకీ ఆయిల్‌కీ సంబంధం లేదు."

"ఒకసారి చూసొస్తే పోలా?"

చూడడానికి వెళ్ళినవాళ్ళం మార్చి వచ్చాం. మళ్ళీ వెళ్ళాం. ఆ కారు ఇంజనులో ఉన్నంత మంచి నూనె ఈ జిల్లాలో వడలు వేయించే బాణలిలో కూడా ఉండదు.

మొన్న ఆదివారం కూడా వెళ్ళాం. కొత్తింటి వసారాలో అక్కచెల్లెళ్ళు మెట్లమీద కూర్చున్నారు, మధ్యన చిక్కుడుకాయల చాట. భీమశంకరం గారు నా గొట్టం విప్పుతూ, "ఇంజను కాసేపు తిప్పి వేడిచేస్తే ఆయిల్ పలచబడి చప్పున వచ్చేస్తుంది," అన్నారు.

"వేడెందుకండీ? దాని మానాన దాన్ని చల్లగా ఉండనీండి," అంది విశాలాక్షమ్మ, తల తిప్పకుండానే ఈనెలు తీస్తూ.

చల్లటి నూనె చాలా నెమ్మదిగా ఎక్కుతుంది. చీమ గోడెక్కినట్టు ఎక్కుతుంది. చాటలో కాయలు అయిపోయాయి. టీలు అయ్యాయి. తాయారు అక్క తల విప్పి చిక్కుతీసి జడ వేసింది. ఎవరి కోడలు ఏమందో, ఏ చీర ఎక్కడ వెలిసిందో, అన్నీ అయ్యాయి. ఇంజనులో నూనె అప్పటికి సగమే నాలోకి వచ్చింది.

ఉమాపతి గారు బయటికొచ్చి కారు పక్కన నిలబడ్డారు. వంగి నావైపు చూశారు. నాలో ఉన్నది తేనెరంగు నూనె, కొత్త డబ్బాలోంచి అప్పుడే వంపినట్టుంది. ఆయన మెట్లవైపు చూశారు. అక్కడ విశాలాక్షమ్మ మాట మధ్యలో ఆపి ఈయననే చూస్తోంది.

"అబ్బో," అన్నారు ఉమాపతి గారు. "బాగా నల్లబడిపోయిందండి అన్నయ్యగారూ."

భీమశంకరం గారు జీవితంలో ఒక్క చుక్క తప్పు లెక్క చెప్పని మనిషి. నన్ను ఎత్తి వెలుతురుకేసి పెట్టి చూశారు. నోరు తెరిచారు. మెట్లమీద ఎవరూ కదల్లేదు.

"నల్లగానే ఉంది," అన్నారు చివరికి. "ఈ రోడ్డుకి ఇంకా ముందే రావలసింది."

విశాలాక్షమ్మ చెల్లెలివైపు తిరిగి, ఆపిన మాట అందుకుంది. భీమశంకరం గారు నన్ను మళ్ళీ కింద పెట్టి, పిడి పట్టుకుని, ఇంకా నెమ్మదిగా లాగడం మొదలుపెట్టారు.